నడుము నిలబెట్టే ముద్ద ఎవరికెంత?

శుక్రవారం జుమా నమాజుకు వెళ్ళినవారి కంట పడే సంగతి ఒకటుంది. మసీదులో వరుసల చివర కుర్చీలు ఎక్కువవుతున్నాయి. ఒకప్పుడు మూలన ఒకటో రెండో ఉండేవి. ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా వరుసగా వేసి ఉంటున్నాయి. సజ్దా నుంచి లేవలేని పెద్దలు వాటిపై కూర్చుని నమాజు చేసుకుంటున్నారు. ధర్మం వారికిచ్చిన వెసులుబాటు అది, అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. అయితే అరవై దాటీ దాటగానే ఇంతమంది కుర్చీ పట్టడానికి కారణమేమిటని అడిగితే దాదాపు అందరూ చెప్పే జవాబు ఒకటే: ‘మోకాళ్ళ నొప్పులు సాబ్!’

మోకాళ్ళు అరగడం నిజమే. కాని కూర్చున్న చోటు నుంచి మనిషిని పైకి లేపేది తొడ కండరం. వయసు మీద పడిన కొద్దీ ఆ కండ కరుగుతుంది. ఎంత వేగంగా కరుగుతుందన్నది ఆ మనిషి తినే తిండి మీద, చేసే పని మీద, ఒంట్లో ఉన్న జబ్బుల మీద ఆధారపడి ఉంటుంది. పెద్దల పళ్ళెంలో ఏముందో చూడకుండా మోకాళ్ళను తిట్టుకుని లాభం లేదు.

ఈ సంగతి మాట్లాడుకోవడానికి మేము సిద్దిపేట జిల్లా దుబ్బాకను ఎంచుకున్నాం. కారణం లేకపోలేదు. దుబ్బాక తరతరాలుగా కూర్చుని పనిచేసే చేతుల ఊరు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసినవారు, ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి తంబాకు చుట్టినవారు ఇక్కడ ప్రతి వాడలోనూ ఉన్నారు. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా ఇది మెదక్ జిల్లాలోని ఊరు. జిల్లా మారినా బతుకుదెరువు పెద్దగా మారలేదు. మగ్గాల చప్పుడు తగ్గింది, బీడీల చాట మిగిలింది. బీడీలు చుట్టే ఇళ్ళలో హిందువులనీ ముస్లింలనీ తేడా లేదు, ఆకలికీ నడుం నొప్పికీ అసలే లేదు.

ఈ రెండు పనులూ నీడ పట్టున సాగేవే. ఒంటికి ఎండ తగలదు. ఎండ తగలని ఒంట్లో విటమిన్-డి చాలినంత తయారు కాదు, అది లేనప్పుడు తిన్న కాల్షియం కూడా ఎముకకు సరిగా చేరదు. నలభై ఏళ్ళు అలా వంగి కూర్చున్న మనిషి అరవయ్యో ఏట లేచి నిలబడాలంటే ఎముక, కండ రెండూ సహకరించాలి. అప్పటికే రెండూ పలచబడి ఉంటాయి.

‘గింత బువ్వ, గింత చారు’

‘ఏం దిన్నవవ్వా?’ అని అడిగితే ఇక్కడి ముసలమ్మలు చెప్పే జవాబు మనందరం విన్నదే. ‘గింత బువ్వ, గింత చారు బిడ్డా. ఈ వయసుల ఇంకేం గావాలె?’ ముస్లిం ఇళ్ళలో దాదీ, నానీలు అదే మాటను ‘థోడా ఖానా, థోడా ఖట్టా, బస్ బేటా’ అంటారు. కోడలు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడతారు. ముక్క పిల్లలకు తీసిపెట్టమంటారు. పాలు చాయ్‌కి పోతాయి. ఆ చాయ్‌లో రెండు బిస్కెట్లు ముంచుకుని పొద్దున పూట గడిపేస్తారు. ఇది త్యాగమని మనం మురిసిపోతాం. మాకైతే ఇందులో ఆందోళన పడవలసిందే ఎక్కువ కనిపిస్తోంది.

కొంచెం లెక్క చూద్దాం. 2025 ఉగాదినాడు ప్రారంభమైన సన్న బియ్యం పథకం కింద రేషన్ దుకాణంలో తలకు నెలకు 6 కిలోలు ఇస్తున్నారు. రోజుకు 200 గ్రాములన్న మాట. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టిక ప్రకారం వంద గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు. కాబట్టి రోజు బియ్యం నుంచి వచ్చేది 16 గ్రాములు. పలచని చారులో పడే పప్పు పదిహేను గ్రాములనుకున్నా దాని నుంచి మరో మూడు. కూరగాయ నుంచి ఒకటో రెండో. మొత్తం కలిపితే 21 దాటదు.

మరి కావలసినదెంత? పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని అదే సంస్థ 2020లో సిఫారసు చేసింది. అరవై అయిదు దాటినవారికి అది చాలదని, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములదాకా కావాలని 2013లో వివిధ దేశాల వృద్ధాప్య నిపుణుల బృందం తేల్చింది. వయసు పెరిగిన కండరం తిన్నదాన్ని మునుపటంత చురుకుగా అందుకోలేదు. అందుకే అదే ఫలితానికి ఎక్కువ ముడిసరుకు కావాలి. 45 కిలోల అవ్వకు కిలోకు ఒక గ్రాము చొప్పున 45 గ్రాములు కావాలి. దొరుకుతున్నది అందులో సగం కూడా కాదు. మిగతా సగాన్ని ఒళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? తన కండలోంచే తోడుకుంటుంది.

లోటు పూడ్చడం అసాధ్యమేమీ కాదు. చారుకు బదులు చిక్కటి పప్పు వేసి నలభై గ్రాములు చేస్తే 9 గ్రాములు. ఒక కోడిగుడ్డుకు 6. గ్లాసు పాలకో పెద్ద గిన్నె పెరుగుకో మరో 6. గుప్పెడు పల్లీలు వేయించి దంచి ఇస్తే 5. బియ్యం తెచ్చే పదహారుతో, కూరగాయలతో కలిపితే 45 దగ్గరకు చేరుకుంటాం. ఈ వంటకు బజారులో డబ్బాల్లో అమ్మే ఖరీదైన పొడులేవీ అక్కరలేదు. కాకపోతే గుడ్డూ పాలూ కూడా కొన్నవే. 2019లో 2,016 రూపాయలకు పెరిగిన పింఛనులో మందులకెంత, మనవడి ఫీజుకెంత, ముసలమ్మ గుడ్డుకెంత అన్నది ఆ ఇంటివారికే తెలుసు. మనం ఇక్కడ కూర్చుని సులభంగా చెప్పేయగలం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మనిషికి తన నడుమును నిలబెట్టే కొద్ది ముద్దలు చాలునని, అంతకు మించి తినక తప్పదనుకుంటే కడుపులో మూడో వంతు తిండికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి వదలాలని బోధించిన హదీసు తిర్మిజీ సంకలనంలో ఉంది. అతిగా తినేవారిని హెచ్చరించడానికి దీన్ని తరచు చెప్పుకుంటాం. పెద్దలు తక్కువ తినడాన్ని సమర్థించుకోవడానికీ ఇదే చెబుతారు. కాని అందులో మొదటి కొలత నడుము నిలబడటం. ఇరవై ఏళ్ళ కుర్రవాని నడుమును నిలబెట్టే ముద్ద, డెబ్భై ఏళ్ళ అవ్వ నడుమును నిలబెట్టే ముద్ద ఒకటి కావు. నడుము వంగిపోతున్నప్పుడు ‘ఇంతే చాలు’ అనడం ఆ బోధనకు తగినదేనా అని ఆలోచించవలసి ఉంది.

ఒకే కుండ, మూడు పళ్ళేలు

ఇంతవరకు చదివి, ‘అయితే పెద్దలందరికీ పప్పూ గుడ్డూ పెంచేద్దాం’ అనుకుంటే మరో పొరపాటు జరుగుతుంది. ఒకే వాడలో ముగ్గురు పెద్దలను తీసుకోండి. ఇలాంటివారు ఏ ఊళ్ళోనైనా ఉంటారు.

మొదటివారు పైన చెప్పుకున్న బీడీల అవ్వ. సన్నగా ఉంటుంది. సుగర్ లేదు. పళ్ళు సగం లేవు. ఆమెకు కావలసింది ఎక్కువ తిండి, అందులోనూ మెత్తని, గట్టి తిండి. నెయ్యి కొంచెం పడ్డా మంచిదే.

రెండోవారు మగ్గం మానేసిన పెద్దమనిషి. మగ్గం మీద ఉన్నన్నాళ్ళు కాళ్ళూ చేతులూ ఆడించి తిన్నది ఖర్చు చేశాడు. పని ఆగింది, అన్నం మాత్రం అంతే ఉంది. పొట్ట పెరిగింది, సుగర్ వచ్చింది. ఈయనకు అన్నం తగ్గాలి, కూర పెరగాలి, పప్పు లేదా గుడ్డు అలాగే ఉండాలి, నడక తప్పదు.

మూడోవారికి పదిహేనేళ్ళుగా మధుమేహం, రక్తపోటు. ఇప్పుడు రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని వైద్యులు చెప్పారు. ఈయనకు మొదటి అవ్వకు చెప్పిన పప్పు, గుడ్డు, మాంసం లెక్క చెబితే కీడు జరగవచ్చు. డయాలసిస్ మొదలు కాని మూత్రపిండాల రోగులకు మాంసకృత్తులను వైద్యులు కొలిచి తగ్గిస్తారు. అదే మనిషికి డయాలసిస్ మొదలైతే మళ్ళీ పెంచుతారు, ఎందుకంటే ఆ ప్రక్రియలో అవి ఒంట్లోంచి పోతాయి. ఇంట్లో జబ్బు అదే, మనిషి అతనే, పథ్యం మాత్రం తలకిందులైంది. మరో హెచ్చరిక కూడా చెప్పాలి. రక్తపోటుకు మంచిదని అమ్మే ‘తక్కువ సోడియం ఉప్పు’లో పొటాషియం ఉంటుంది. కొబ్బరి నీళ్ళలోనూ అది ఎక్కువే. మామూలు మనిషికి మేలు చేసే ఈ రెండూ మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి గుండె లయ తప్పించేంత ప్రమాదం తెస్తాయి. పరామర్శకు వచ్చినవారు ప్రేమతో చేతిలో పెట్టే కొబ్బరి బోండాం కూడా అడిగి తాగవలసినదే.

ముగ్గురూ ఒకే వాడలో ఉంటారు, ఒకే దుకాణం నుంచి సరుకులు తెస్తారు. ఒక్కోసారి ముగ్గురూ ఒకే ఇంట్లో కూడా ఉంటారు. మూడు వంటలు వండమని ఏ కోడలికీ చెప్పలేం. కుండ ఒకటే ఉండనివ్వండి, వడ్డన మారాలి. ఒకరికి పప్పు రెండు గరిటెలు, ఒకరికి అన్నం ఒక్కటే గరిటె, ఒకరికి ఉప్పు వేయకముందే తీసిపెట్టిన కూర. శాస్త్రజ్ఞులు ‘వ్యక్తికి తగిన పోషణ’ అని చెబుతున్నది వంటింట్లోకి వచ్చేసరికి ఇంతే.

మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉంటుందో చెప్పే ఉదాహరణ ఒకటి వైద్య లోకంలో బాగా పేరుపొందింది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కనే ప్రచురించారు. ఎత్తుకు బరువు చూసే సూచీ ఇద్దరికీ ఒకటే, 22.3. కాని ఒంట్లో కొవ్వు కొలిస్తే యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! పైకి సన్నగా కనిపించే మన ఒళ్ళలో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అన్నమాట. ‘మా నాన్న సన్నగానే ఉన్నారు, సుగర్ ఎందుకొస్తుంది?’ అనేవారికి ఈ ఒక్క ఫొటో చాలు. లండన్ కింగ్స్ కాలేజి పరిశోధకులు 2020లో ప్రచురించిన మరో పరిశీలనలో సుమారు వెయ్యిమందికి ఒకే రకం భోజనం పెట్టి రక్తం పరీక్షించారు. ఒకే పోలిక గల కవలల్లో కూడా ఒకరికి సుగర్ పెరిగిన తీరు మరొకరికి పెరిగిన తీరుతో కలవలేదు. తల్లి కడుపులో కలిసి పెరిగినవారికే కలవకపోతే, పక్కింటాయన ఫలానా గింజలు తిని సుగర్ తగ్గించుకున్నాడని మనమూ అవే తినడంలో అర్థమేముంది?

జొన్నల సంగతి

గింజల మాట వచ్చింది కనుక చిరుధాన్యాల గురించి ఒక మాట. జొన్నరొట్టె, తైదంబలి మానడం వల్లనే ఈ జబ్బులన్నీ వచ్చాయని, మళ్ళీ అవే తింటే పోతాయని నేడు ప్రతివారూ చెబుతున్నారు. అందులో సగం నిజముంది. వంద గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, కాల్షియం 350 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. బియ్యంలో పదికి మించదు. పళ్ళు లేని అవ్వకు చల్ల కలిపిన తైదంబలి కంటే మంచి పొద్దుటి ఆహారం చెప్పడం కష్టం. జొన్నలో పీచు ఎక్కువ.

కాని మన తెలంగాణ చరిత్ర మరో సగం కూడా చెబుతుంది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో సర్ రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీదుగా ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇక్కడికి వచ్చిన కొత్తలోనే డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతయ్య దక్కను పీఠభూమిలోని జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బును పరిశీలించి 1960లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, మతి తప్పడం దాని లక్షణాలు. నయాసిన్ అనే విటమిన్ కొరవడితే వచ్చే వ్యాధి ఇది. పప్పు, పాలు, మాంసం లేకుండా మూడు పూటలా జొన్నే తిన్న ఒళ్ళు అలా దెబ్బతిన్నది. తప్పు జొన్నది కాదు, పక్కన మరేమీ లేకపోవడానిది. పాతకాలపు తిండి అంతా ఆరోగ్యమేనని పొంగిపోయేవారు ఆ పాతకాలంలో పేదవాడి పళ్ళెం ఎలా ఉండేదో కూడా గుర్తుంచుకుంటే బాగుంటుంది.

కాబట్టి జొన్నరొట్టె తినగలిగి, అరిగించుకోగలిగిన సుగర్ పెద్దాయనకు రాత్రి అన్నానికి బదులు అది బాగానే ఉంటుంది, పక్కన పప్పో కూరో ఉంటే. నమలలేని, కడుపుబ్బరంతో బాధపడే అవ్వకు బలవంతంగా పెడితే ఆమె తినే ఆ కాస్తా తగ్గిపోతుంది. రొట్టె అయినా రెండు తిన్నచోట నాలుగు తింటే సుగర్ పెరగక మానదు.

పాయా, హలీం, ఖీమా

మన ఇళ్ళలో పెద్దలకు జబ్బు చేసినా, కాలు విరిగినా వెంటనే గుర్తొచ్చేది పాయా. ఎముకల పులుసు తాగితే ఎముకకు బలమని నమ్మకం. వేడివేడిగా తాగితే ప్రాణం లేచి వస్తుంది, ఆకలి పుడుతుంది, కాదనం. అయితే అందులో దిగేది ఎక్కువగా కొవ్వు, జెలటిన్. జెలటిన్‌లో ఒంటికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అంశం లేదు, కనుక అది ఒక్కటే కండ కట్టలేదు. పాయా తాగించాం కదా అని పప్పు, గుడ్డు, మాంసం మానిపిస్తే నష్టమే.

పళ్ళు లేని పెద్దలకు తగినది నిజానికి హలీం. గోధుమ, పప్పు, మాంసం గంటల తరబడి ఉడికి, దంచుకుపోయి ముద్దవుతాయి. నమలవలసిన పని లేదు. ధాన్యంలో కొరవడినది పప్పు, మాంసం పూడుస్తాయి. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు దాని రుచి గురించే అందరూ మాట్లాడుకున్నారు. ముసలివారి ఆహారంగా దాని విలువ ఎవరూ ఎత్తినట్టు మాకు గుర్తులేదు. బజారు హలీంలో నెయ్యి, ఉప్పు ధారాళంగా ఉంటాయి కాబట్టి గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఆగాలి. ఇంట్లో నెయ్యి తగ్గించి, చిన్న గిన్నెడు చేసుకుంటే రంజాన్ దాకా ఎదురుచూడవలసిన పని లేదు. మాంసం కొనే రోజున పావుకిలో ఖీమా కొట్టించి పెద్దల వాటా విడిగా వండినా అదే ఫలం.

మాంసం సంగతిలో మరొకటి ఉంది. బి-12 విటమిన్ సహజంగా మాంసం, చేప, గుడ్డు, పాలలో మాత్రమే దొరుకుతుంది. మధుమేహానికి అందరూ వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటే ఒంట్లో బి-12 తగ్గవచ్చు. అరికాళ్ళలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు మొదలవుతాయి. ‘సుగర్ కదా, వయసు కదా’ అని ఊరుకుంటాం. ముస్లింలం మాంసం తింటాం కదా, మాకెందుకుంటుంది ఈ లోపం అనుకోరాదు. వారానికొకసారి వచ్చే మాంసంలో ముక్కలన్నీ పిల్లలకు పోయి దాదీ పళ్ళెంలో షోర్బా మాత్రమే పడే ఇళ్ళు తక్కువేమీ లేవు. అనుమానం ఉంటే రక్త పరీక్ష చేయించమని వైద్యుణ్ణి అడగాలి. మాత్ర మాత్రం సొంతంగా మానకూడదు.

రోజా ఎవరికి, ఫిద్యా ఎవరికి

ఇక రంజాన్. పెద్దల ఆహారం గురించి మన ఇళ్ళలో అన్నింటికన్నా కష్టమైన సంభాషణ ఇక్కడే జరుగుతుంది. ‘యాభై ఏళ్ళుగా ఒక్క రోజా వదల్లేదు, ఇప్పుడు వదలమంటారా?’ అని పెద్దవారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కొడుకుల నోట మాట రాదు. తెలిసిన వైద్యుడు వద్దంటే, ‘ఆయనకు మన ధర్మం ఏం తెలుసు’ అనేస్తారు.

ధర్మం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. దివ్య ఖుర్ఆన్ రెండో సూరా 184వ వాక్యంలో రోగులకు, ప్రయాణికులకు ఉపవాసం నుంచి వెసులుబాటు ఉంది, ఫిద్యా మాట కూడా అక్కడే ఉంది. కోలుకునే ఆశ ఉన్న రోగి తరువాత ఖజా పాటిస్తాడు. ఇక ఉపవాసం ఉండలేని వృద్ధుడు, నయం కాని జబ్బు ఉన్నవాడు రోజుకొక పేదకు అన్నం పెడతాడు. గమనించండి, ఇక్కడ ‘అరవై దాటినవారంతా’ అని గీత గీయలేదు. ఒక్కొక్కరి శక్తిని బట్టి చెప్పారు. డెబ్భై అయిదేళ్ళ ఆరోగ్యవంతుడు ఉండవచ్చు, యాభై ఎనిమిదేళ్ళ రోగి ఉండకూడదు.

వైద్యులూ సరిగ్గా ఇదే దారికి వచ్చారు. 2001లో 13 దేశాల్లో మధుమేహం గల 12,243 మంది ముస్లింలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఎక్కువమందికి వచ్చే రెండో రకం మధుమేహంలో రంజాన్ నెలలో సుగర్ ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రి పాలైన సంఘటనలు మిగతా నెలలతో పోలిస్తే ఏడున్నర రెట్లు పెరిగినట్టు తేలింది. ఆ తరువాత అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, రంజాన్-మధుమేహ కూటమి కలిసి 2021లో మార్కుల పద్ధతి ఒకటి ఇచ్చాయి. జబ్బు ఎన్నేళ్ళుగా ఉంది, ఏ మందు వాడుతున్నారు, సుగర్ ఎప్పుడైనా పడిపోయిందా, మూత్రపిండాలెలా ఉన్నాయి, ఒళ్ళు ఎంత బలహీనంగా ఉంది, మతి ఎలా ఉంది, శారీరక శ్రమ ఉందా, రోజా ఎన్ని గంటలు అని ఒక్కొక్కదానికి మార్కులు వేస్తారు. మూడు వరకు వస్తే ప్రమాదం తక్కువ. మూడున్నర నుంచి ఆరు వరకు మధ్యరకం, ఉండకపోవడమే మేలు. ఆరు దాటితే ఉండవద్దు. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి పాత మాత్రలు వాడేవారికి ముప్పు ఎక్కువ. మోతాదు, వేళలు మార్చకుండా సహరీ, ఇఫ్తార్‌లకు పాత లెక్కనే వేసుకోవడం ఎంతో ప్రమాదం. ఈ మార్పు రంజాన్ నెల చంద్రుణ్ణి చూశాక కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యునితో కూర్చుని చేసుకోవాలి.

ఉపవాసంలో వేలికి సూది గుచ్చి సుగర్ చూసుకుంటే రోజా భంగమవుతుందన్న భయం చాలామందిలో ఉంది. భంగం కాదని ఉలమాలలో ఎక్కువమంది చెబుతున్నారు. సుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా, ఒంట్లో బాగాలేకపోయినా వెంటనే విరమించాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. ఇఫ్తార్‌కు గంట ఉందిలే అని ఓర్చుకునేవారు ఆ గంటలోనే స్పృహ తప్పవచ్చు.

2027 నుంచి 2030 దాకా రంజాన్ మనకు చలికాలంలోనే వస్తుంది. పగలు పొట్టి, దాహం తక్కువ. దాంతో ‘ఈసారి నేనూ ఉంటా’ననే పెద్దలు పెరుగుతారు. సంతోషమే. అయితే వయసుతో దాహం తెలియడమే తగ్గుతుంది కాబట్టి ఇఫ్తార్ నుంచి సహరీ దాకా గ్లాసు లెక్కపెట్టి తాగించాలి. గుండె జబ్బుతో నీటికి పరిమితి ఉన్నవారికి మాత్రం వైద్యుడు చెప్పిన లెక్కే లెక్క. సహరీకి ఖిచిడీతో సరిపెట్టకుండా గుడ్డో, ఖీమానో, పెరుగో తోడుంటే కండ నిలుస్తుంది.

కొలవడానికి యంత్రాలక్కరలేదు

జన్యువులు పరీక్షించి మీకు తగిన ఆహారం చెబుతామనే కంపెనీలు ఇప్పుడు నగరాల్లో పుట్టుకొచ్చాయి. వేల రూపాయలు తీసుకుని రంగుల కాగితాలు ఇస్తాయి. అవి చెప్పినట్టు తిన్న ముసలివారు ఎక్కువ కాలం ఆరోగ్యంగా బతికినట్టు గట్టి రుజువు ఇంకా లేదు. దుబ్బాక అవ్వకు ఆ కాగితంతో పని లేదు. ఆమెకు కావలసిన కొలతలు ఇంట్లోనే ఉన్నాయి.

మొదటిది బరువు. నెలకొకసారి, ఒకే తూకం మీద. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు వందకు అయిదు వంతులు తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, వైద్యునికి చూపించాలి. ‘సుగర్ తగ్గింది, సన్నబడ్డారు’ అని సంబరపడరాదు. రెండోది పిక్క చుట్టుకొలత. 2019లో ఆసియా దేశాల నిపుణులు చెప్పిన ప్రకారం మగవారికి 34 సెంటీమీటర్లు, ఆడవారికి 33 కన్నా తక్కువ ఉంటే కండ తగ్గుతోందని అనుమానించాలి. దర్జీ టేపు చాలు. కాళ్ళ వాపు ఉన్నవారికి ఈ కొలత పనికిరాదు. మూడోది కుర్చీ పరీక్ష. చేతులు ఛాతీ మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. పన్నెండు సెకన్లు లేక అంతకన్నా ఎక్కువ పడితే హెచ్చరిక. పక్కన ఒకరు నిలబడి చేయించాలి, పడిపోతే మొదటికే మోసం. రోజుకు అయిదు పూటలా సజ్దా నుంచి లేచేవారికి ఈ పరీక్ష తెలియకుండానే జరుగుతూ ఉంటుంది. నిరుడు చెయ్యి ఆనించకుండా లేచిన నాన్న ఈ ఏడు నేలకు చెయ్యి ఆనిస్తున్నారా అన్నది చూస్తే కొడుక్కు సగం సంగతి తెలిసిపోతుంది.

తిండి ఒక్కటే పెంచి మంచం మీద కూర్చోబెడితే కండ రాదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడమే పొద్దున పది, సాయంత్రం పది చొప్పున చేయిస్తే వ్యాయామం అదే. బీడీల చాట దించి గంటకొకసారి వాకిట్లో నాలుగడుగులు వేయడం, పొద్దుటి ఎండలో ముఖం, చేతులు తగిలేలా కాసేపు కూర్చోవడం ఖర్చు లేని పనులు. మాంసకృత్తులు కూడా రాత్రి ఒక్క పూటే కాకుండా మూడు పూటలకూ పంచాలి. పొద్దున చాయ్ బిస్కెట్ అన్న చోట గుడ్డు పడాలి.

ఇదంతా ఎవరు చేయాలన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం అన్యాయం. ఇప్పటికి అన్నీ కోడలి నెత్తినే పడుతున్నాయి. ఆమె కూడా బీడీలు చుడుతుంది, ఆమె కూడా అందరూ తిన్నాక తింటుంది, ఇరవై ఏళ్ళ తరువాత ఆ కుర్చీ ఆమెకే కావలసి వస్తుంది. సుగర్, బీపీ చూసేందుకు ఇంటికి వచ్చే ఆరోగ్య కార్యకర్తలు బరువు, పిక్క కొలత కూడా రాసుకుంటే ఎంతో మేలు. మసీదు కమిటీలు రంజాన్‌కు నెలన్నర ముందు ఒక శుక్రవారం జుమా తరువాత వైద్యుణ్ణి పిలిపించి, పెద్దల మందుల చీటీలు చూపించే ఏర్పాటు చేయవచ్చు. ఫిద్యా ఇచ్చేవారున్నారు, తీసుకునే ముసలివారు అదే ముహల్లాలో ఉన్నారు. ఆ అన్నం మీద ఒక గుడ్డు, చిక్కటి పప్పు పడేలా చూడటం పెద్ద కష్టమేమీ కాదు.

దవాఖానాకు వెళ్ళేటప్పుడు పెద్దవారి వెంట వెళ్ళే కొడుకో కూతురో మూడు వస్తువులు తీసుకెళ్ళండి. వాడే మందులన్నీ ఒక సంచిలో, వేరే వైద్యం మందులుంటే అవి కూడా. గత ఏడాది రక్త పరీక్షల కాగితాలు, ముఖ్యంగా క్రియాటినిన్ ఉన్నది. మూడు రోజులపాటు ఆయనో ఆమెనో ఏ పూట ఏం తిన్నారో రాసిన చీటీ, చాయ్‌లో ముంచిన బిస్కెట్ సహా. వైద్యుడు అడగకపోయినా మూడోది బల్ల మీద పెట్టి, ‘డాక్టర్ సాబ్, ఇందులో ఏం పెంచాలి, ఏం తగ్గించాలి?’ అని అడగండి.